కైట్ ఫాయిల్ బోర్డు గరిష్ఠ వేగాన్ని ఏది నిర్ణయిస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ నుంచి బాపట్ల దగ్గరి సూర్యలంక తీరానికి వీలు దొరికినప్పుడల్లా కైట్ సంచి, ఫాయిల్ పెట్టె కారులో వేసుకుని వెళ్లే నన్ను మిత్రులు, వారి పిల్లలు, ఇంజినీరింగ్ చదివే కుర్రవాళ్లు రకరకాలుగా అడిగేది చివరకు ఒకే విషయం: అది ఎంత వేగంగా పోతుంది, అంతకన్నా వేగంగా ఎందుకు పోదు? ప్రతిసారీ ఇసుకలో పుల్లతో బొమ్మ గీసి చెప్పే ఓపిక లేక ఈ సమాధానాలను ఒకచోట రాసి పెడుతున్నాను. వేగాన్ని నాట్లలో చెప్పాను. కృష్ణా డెల్టాలో నాట్లు అనగానే వరినాట్లే గుర్తుకు వస్తాయి కానీ ఇది నౌకాయానంలో వాడే కొలత. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు, 30 నాట్లంటే గంటకు దాదాపు 56 కిలోమీటర్లు.

కైట్ ఫాయిల్ బోర్డు అంటే ఏమిటి?

మనిషి నిలబడే చిన్న బోర్డు, దాని అడుగున దాదాపు మీటరు పొడవున నిలువుగా దిగే మాస్ట్, ఆ మాస్ట్ కింది చివర చిన్న విమానం బొమ్మలాంటి ఫాయిల్: ఇవీ భాగాలు. ఫాయిల్‌లో ముందు పెద్ద రెక్క, వెనుక చిన్న రెక్క, రెండింటినీ కలిపే ఫ్యూజిలాజ్ అనే సన్నని కడ్డీ ఉంటాయి. నడిపేవారి నడుముకు కట్టుకున్న పట్టీకి కైట్ లైన్లు, అంటే గాలిలో ఎగురుతూ మనిషిని లాగే పెద్ద గాలిపటం తాళ్లు, తగిలించి ఉంటాయి. కాస్త వేగం అందుకోగానే ముందు రెక్క బోర్డునూ మనిషినీ నీటిపైకి ఎత్తేస్తుంది. అప్పటినుంచి నీటిలో ఉండేది రెక్కలు, ఫ్యూజిలాజ్, మాస్ట్‌లో కొంత భాగం మాత్రమే.

అయితే బోర్డు ఆకారానికి వేగంతో సంబంధం లేదా?

నీటిపైకి లేచిన తరువాత దాదాపు లేనట్టే. బోర్డు నీటినుంచి లేవడానికీ, మనిషి పాదాలు సరైన చోట నిలవడానికీ ఆకారం ముఖ్యం. దాని మీద వేసిన రంగుల బొమ్మలను చూసి వేగాన్ని అంచనా వేయడం లారీ మీద రాసిన అక్షరాలను చూసి ఇంజిన్‌ను అంచనా వేయడం వంటిది.

గరిష్ఠ వేగాన్ని నిర్ణయించేది ఏది?

ముందుకు లాగే బలం, వెనక్కు పట్టే నిరోధం ఎక్కడ సమానమవుతాయో అదే గరిష్ఠ వేగం. వేగం రెట్టింపు అయితే నీటి నిరోధం స్థూలంగా నాలుగు రెట్లు అవుతుంది, ఆ నిరోధాన్ని గెలవడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లు అవుతుంది. అందువల్ల కైట్‌లో బలం పెంచి సంపాదించే వేగం కొద్దిపాటిదే. గాలిలోనూ నీటిలోనూ నిరోధం తగ్గించి సంపాదించేదే ఎక్కువ. ఈ ఆటలో కొత్తవారు పెద్ద కైట్ కోసం వెతుకుతారు, అనుభవం ఉన్నవారు పలుచని మాస్ట్ కోసం వెతుకుతారు. నా అనుభవంలో ఇంకొక మాట కూడా నిజం: చాలామందికి భౌతికశాస్త్రం గీసిన గీత కన్నా ముందే ధైర్యం, అదుపు గీసిన గీత అడ్డు వస్తుంది.

గాలి 15 నాట్లు వీస్తుంటే బోర్డు 30 నాట్లకు పైగా ఎలా పోతుంది? గాలే కదా దాన్ని నెట్టేది?

అందరూ అనుమానించేది ఇక్కడే. గాలి వెనుకనుంచి నెట్టడమే ఏకైక మార్గమైతే ఏ తెరచాప పడవా గాలిని మించి పోలేదు. కైట్ ఫాయిల్ మాత్రం గాలికి అడ్డంగా పోతుంది. సీతాఫలం తింటూ జారుడుగా ఉన్న గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కండి. వేళ్లు దగ్గరయ్యేది నెమ్మదిగానే, కానీ గింజ చటుక్కున ఎగిరి అవతల పడుతుంది. ఇక్కడ ఒక వేలు గాలి, రెండో వేలు నీరు. కైట్ బలం పక్కకు లాగుతుంటే ఫాయిల్ పక్కకు జారనివ్వదు. ఆ ఇరుకులోనుంచి బోర్డు ముందుకు తప్పించుకుంటుంది. గింజ ఎంత జారుడుగా ఉంటే అంత దూరం పోయినట్టే, నిరోధం ఎంత తక్కువైతే బోర్డు అంత వేగం అందుకుంటుంది.

రెండో సంగతి సాపేక్ష గాలి. కనకదుర్గ వారధి మీద స్కూటరుపై గుంటూరు వైపు వెళ్లేటప్పుడు కృష్ణ మీదుగా పక్కగాలి వీస్తోందనుకోండి. బండి ఆగి ఉంటే గాలి చెవికి తగులుతుంది, వేగం పెరిగే కొద్దీ అదే గాలి ముఖం వైపు జరుగుతుంది, జోరు కూడా పెరుగుతుంది. కైట్ అనుభవించేది నేల మీది గాలిని కాదు, తన సొంత ప్రయాణం కలిసిన ఈ సాపేక్ష గాలిని. బోర్డు వేగం పెరిగితే సాపేక్ష గాలి పెరుగుతుంది, దానితో కైట్ లాగే బలం పెరుగుతుంది, ఆ బలంతో వేగం మళ్లీ పెరుగుతుంది. ఈ వృద్ధి ఎక్కడో ఒకచోట ఆగాలి. సాపేక్ష గాలి మరీ ఎదురుగాలిగా మారి, కైట్ లాగే దిశలో ముందుకు మిగిలే పాలు నిరోధంతో సరిపోయినప్పుడు అది ఆగుతుంది.

ఆగే చోటును లెక్కవేయవచ్చా?

వేయవచ్చు, ఈ లెక్క అందమైనది కూడా. కైట్ లాగే బలం సాపేక్ష గాలికి సరిగ్గా లంబంగా ఉండదు, గాలి నిరోధం వల్ల కొంచెం వెనక్కు వాలుతుంది. ఆ వాలు మొదటి కోణం. నీటిలో బోర్డు పక్కకు జారకుండా ఫాయిల్ ఇచ్చే బలం కూడా ప్రయాణ దిశకు సరిగ్గా లంబంగా ఉండదు, నీటి నిరోధం దాన్నీ వెనక్కు వాలుస్తుంది. అది రెండో కోణం. స్థిరమైన వేగంతో పోతున్నప్పుడు ఈ రెండు కోణాల మొత్తమే ప్రయాణ దిశకూ సాపేక్ష గాలికీ మధ్య ఉండే కోణం. పాత తెరచాప నావకైనా, ఐస్ మీద జారే పడవకైనా, కైట్ ఫాయిల్‌కైనా ఇదే సూత్రం.

ఈ మొత్తం కోణపు సైన్ విలువతో ఒకటిని భాగిస్తే, గాలి వేగానికి ఎన్ని రెట్ల వేగం సాధ్యమో వస్తుంది. మొత్తం 30 డిగ్రీలైతే గరిష్ఠం సరిగ్గా 2 రెట్లు, 25 డిగ్రీలైతే 2.37 రెట్లు, 20 డిగ్రీలైతే 2.92 రెట్లు. గాలి 15 నాట్లు ఉన్నరోజున వరుసగా 30, 35.5, 43.9 నాట్లన్నమాట. 25 డిగ్రీలను 24 చేయగలిగితే 35.5 కాస్తా 36.9 అవుతుంది. ఒక్క డిగ్రీకి దాదాపు 1.4 నాట్ల లాభం. లైన్ల మందం, మాస్ట్ మందం, రెక్క నునుపు అంటూ మేము ఎందుకు అంత చాదస్తంగా మాట్లాడుకుంటామో ఈ ఒక్క అంకె చెబుతుంది.

దిశ గురించి కూడా ఈ లెక్క ఒక మాట చెబుతుంది. గరిష్ఠ వేగం గాలికి సరిగ్గా అడ్డంగా వెళ్లినప్పుడు రాదు. మొత్తం కోణం 25 డిగ్రీలైతే, అడ్డం నుంచి మరో 25 డిగ్రీలు గాలివాలుకు తిరిగినప్పుడు వస్తుంది. అంకెలు చూడాలన్న ఆశతో బోర్డును పూర్తిగా గాలివాలుకు తిప్పేవారిని చూశాను. అలా చేస్తే సాపేక్ష గాలి చచ్చిపోయి కైట్ తూలిపోతుంది.

గాలి రెట్టింపు అయితే వేగమూ రెట్టింపు అవుతుందా?

పై లెక్కలో కోణాలు మారవనుకుంటే అవ్వాలి. కానీ మారతాయి. దీనికి ముఖ్య కారణం ముందు రెక్క విస్తీర్ణం.

500 చదరపు సెంటీమీటర్ల ముందు రెక్కను తీసుకుందాం. మనిషి, బోర్డు, తడి బట్టలు అన్నీ కలిపి 85 కిలోలు, అంటే దాదాపు 834 న్యూటన్లు. పక్క బలాన్ని కాసేపు పక్కన పెట్టి బరువు మోయడం ఒక్కటే చూద్దాం. సెకనుకు 10 మీటర్లు, అంటే 19 నాట్ల పైచిలుకు వేగంలో ఆ బరువు మోయడానికి రెక్కకు 0.33 లిఫ్ట్ గుణకం (రెక్క ఎత్తే బలం, అంటే లిఫ్ట్, ఎంత గట్టిగా పనిచేస్తోందో చెప్పే అంకె) కావాలి. ఇది రెక్క హాయిగా పనిచేసే స్థితి. సెకనుకు 20 మీటర్ల దగ్గర, అంటే 39 నాట్ల దగ్గర అదే బరువుకు 0.083 చాలు. అంటే రెక్కలో నాలుగింట మూడు వంతుల సామర్థ్యం పనిలేకుండా ఉంది, కానీ దాని తడిసిన చర్మం మొత్తం నీటితో ఘర్షణ పడుతూనే ఉంది. పెళ్లికి వండే గుండిగను నలుగురి వంటకు పొయ్యి మీద పెడితే కట్టెలు ఎలా ఖర్చవుతాయో ఇదీ అంతే. లిఫ్ట్‌తో పోలిస్తే నిరోధం పెరిగి, రెండో కోణం వెడల్పవుతుంది. అందుకే గాలి పెరిగే కొద్దీ వేగం పెరుగుతుంది కానీ గాలికి ఎన్ని రెట్లన్న నిష్పత్తి తగ్గుతూ పోతుంది.

అలాగైతే చిన్న రెక్క పెట్టుకుంటే సరిపోదా?

వేగానికి సరిపోతుంది, లేవడానికి సరిపోదు. లిఫ్ట్ గుణకాన్ని 0.8 దాకా తేగలిగితే పైన చెప్పిన 500 చదరపు సెంటీమీటర్ల రెక్క దాదాపు 12.5 నాట్ల దగ్గర బరువంతా మోయగలదు. 300 చదరపు సెంటీమీటర్ల రెక్కకైతే 16 నాట్లకు పైగా కావాలి. లేచేటప్పుడు కైట్ కొంత బరువు పంచుకుంటుంది కనుక నిజంలో ఇంతకన్నా కొంచెం ముందే లేస్తారు, కానీ తేడా మాత్రం తేడాయే. దిశ మార్చుకునే ప్రతి మలుపులోనూ వేగం పడిపోతుంది, ఆ పడిన వేగంలో చిన్న రెక్క మోయలేక బోర్డు నీటిలో కూర్చుంటుంది.

ఇక్కడ పొడవు, సన్నదనం గురించి ఒక సూక్ష్మం ఉంది. ఒకే విస్తీర్ణాన్ని ఎక్కువ పొడవుగా, తక్కువ వెడల్పుగా చేస్తే రెక్క కొనల దగ్గర సుడులు తిరగడం వల్ల కలిగే నిరోధం తగ్గుతుంది. ఆ నిరోధం తక్కువ వేగంలోనే ఎక్కువ, వేగం పెరిగే కొద్దీ దానంతట అదే తగ్గిపోతుంది. కనుక పొడవైన రెక్క ప్రధానంగా ఎదురుగాలి వైపు ఎక్కడానికీ, తక్కువ గాలిలో నిలబడడానికీ ఉపకరిస్తుంది. గరిష్ఠ వేగం దగ్గర మాట చెల్లేది విస్తీర్ణం, మందం, నునుపులదే. ప్రచారపు కాగితాల్లో ఈ రెండింటినీ కలిపి ఒకే వాక్యంలో పొగుడుతారు. చదివేటప్పుడు విడదీసి చదవాలి.

మాస్ట్ పాత్ర ఎంత?

చూసేవారు అనుకునే దానికన్నా చాలా ఎక్కువ. రెక్క లిఫ్ట్ అనే జీతం తెచ్చిపెడుతూ నిరోధం అనే ఖర్చు పెడుతుంది. మాస్ట్‌కు జీతం స్వల్పం, ఖర్చు మాత్రం నికరం. అది నీటి ఉపరితలాన్ని చీల్చే చోట తుంపరలు లేస్తాయి, ఆ తుంపరలు ఎగరడానికి పట్టే శక్తి మన వేగంలోనుంచే పోతుంది. మందం పెరిగే కొద్దీ ఈ నష్టం వేగంగా పెరుగుతుంది. అల్యూమినియం మాస్ట్ చౌక, గట్టి, కానీ మందం. కార్బన్ మాస్ట్‌ను పలుచగా చేసినా వంగకుండా నిలబెట్టవచ్చు, అందుకే ధర కూడా నిలబడుతుంది.

పలుచదనానికీ హద్దు ఉంది. వేగంలో మాస్ట్ మెలి తిరిగితే కింద రెక్క నీటిని ఎదుర్కొనే కోణం మన పాదాలు అడగకుండానే మారిపోతుంది. 30 నాట్ల దగ్గర అర డిగ్రీ మారినా బోర్డు ఎగిరి నీటిపైకి రావచ్చు, ముక్కు కిందికి వేసి మునగవచ్చు. పొడవు విషయంలో పందెపు మాస్ట్‌లు మీటరుకు అటూ ఇటూగా ఉంటాయి. పొడవెక్కువ ఉంటే బోర్డును గాలి వచ్చే వైపు బాగా వాల్చి నడపవచ్చు, అలలను దాటవచ్చు. పొడవు వల్ల తడిసే భాగం పెరిగినట్టే అనిపించినా, నేర్పరి మాస్ట్‌లో అధికభాగాన్ని నీటి బయటే ఉంచి పోతాడు.

నీటిపైన ఎంత ఎత్తున పోతే అంత మంచిదా?

రెక్క కొన నీటినుంచి బయటపడేంతవరకు. మన వైపు రైతులకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. బావిలో నీరు తగ్గినప్పుడు పంపు సుడి గుండా గాలి పీల్చి, మోటారు తిరుగుతున్నా నీరు రాకుండా పోతుందే, అదే. వేగంగా పోతున్న రెక్క పైభాగాన పీడనం తక్కువ, దానికి గాలి దారి దొరికితే క్షణంలో లోపలికి జొరబడుతుంది. లిఫ్ట్ కూలిపోతుంది, మనిషి ముందుకు పడతాడు. దీన్ని వెంటిలేషన్ అంటారు. నీటి ఉపరితలం దగ్గర మాస్ట్ మీద చిన్న గాటు ఉన్నా, గుర్రపుడెక్క కాడ ఒకటి చుట్టుకున్నా గాలికి ఆ దారి దొరుకుతుంది.

వెనుక రెక్క ఎందుకు? అదీ నిరోధమే కదా?

నిరోధమే, కానీ అది లేకపోతే బోర్డు ముక్కు నిలవదు. మామూలుగా అది కిందికి నొక్కుతూ ముందు రెక్కను సమతూకంలో ఉంచుతుంది. వేగం పెరిగే కొద్దీ లిఫ్ట్ వేగపు వర్గంతో పెరుగుతుంది కనుక ముందు పాదంతో ఇంకా ఇంకా నొక్కవలసి వస్తుంది. ఒక దశలో కాలి కండరం ఇక చాలంటుంది. చిన్న వెనుక రెక్క పెట్టినా, దాని కింద షిమ్ అనే పలుచని బిళ్ల వేసి కోణాన్ని అర డిగ్రీ తగ్గించినా ఈ నొక్కుడు తగ్గుతుంది, వేగమూ కొంత పెరుగుతుంది. బదులుగా బోర్డు పెంకిదవుతుంది. ఖర్చు లేని మార్పు ఈ షిమ్ ఒక్కటే కనుక కొత్త సామాను కొనేముందు దీన్ని ప్రయత్నించమని చెబుతాను.

పెద్ద కైట్ ఎక్కువ వేగం ఇవ్వదా?

సంక్రాంతికి గాలిపటం ఎగరేసిన ఎవరికైనా ఒకటి తెలుసు: పెద్ద గాలిపటం చేతిని ఎక్కువగా లాగుతుంది, కానీ నెత్తిమీదికి ఎక్కేది చక్కగా కట్టిన గాలిపటమే. కైట్‌లోనూ లాగే బలం, ముందుకు ఎగిరే గుణం వేరువేరు. గరిష్ఠ వేగం దగ్గర సాపేక్ష గాలి అప్పటికే చాలా ఎక్కువ కనుక చిన్న కైట్ సైతం కావలసిన బలం ఇస్తుంది. మిగిలిన విస్తీర్ణం వట్టి నిరోధం. పందెగాళ్లు గొట్టంలో గాలి నింపే కైట్లు వదిలి, గదులు గదులుగా కుట్టి ఎగురుతున్నప్పుడు గాలితో తామే నిండే పొడవైన ఫాయిల్ కైట్లు వాడేది మొదటి కోణాన్ని తగ్గించడానికే.

లైన్లను మరవకండి. సన్నగా కనబడే ఆ లైన్లు ఒక్కొక్కటి సాపేక్ష గాలిని అడ్డంగా కోస్తూ పోతాయి, గుండ్రని తాడు గాలిలో చెడ్డ ఆకారం. పొట్టి లైన్లు, సన్న లైన్లు వేగానికి మేలు. మనిషి శరీరం కూడా గాలికి అడ్డమే. వదులు చొక్కా వేసుకుని రికార్డు కొట్టాలనుకోవద్దు.

బరువైన వారికి లాభమా, తేలికైన వారికి లాభమా?

గాలి బాగా ఉన్నప్పుడు బరువైన వారికి. కైట్ మనిషిని పక్కకూ పైకీ లాగుతుంది, బరువు కిందికి లాగుతుంది, వాలిన ఫాయిల్ ఈ రెండింటికీ సమాధానం చెబుతుంది. బరువు ఎక్కువైతే అంతే నిష్పత్తిలో ఎక్కువ పక్కలాగుడును తట్టుకోవచ్చు, పెరిగిన లాగుడును వేగంగా మార్చుకోవచ్చు. తక్కువ గాలిలో ఇది తారుమారవుతుంది. పప్పుచారు, ఆవకాయ అన్నం మానకపోవడానికి మా బృందంలో కొందరు ఈ సూత్రాన్ని సాకుగా వాడుతుంటారు. కావలసింది కాళ్లలో బలమున్న బరువని వారికి గుర్తుచేయవలసి వస్తుంది.

అన్నీ కుదిరితే 60, 70 నాట్లు సాధ్యమా?

ఇక్కడ నీరే అడ్డం తిరుగుతుంది. ఎత్తిపోతల పథకాల పంపుల్లో ఇంపెల్లర్ మీద చీడ తిన్నట్టు గుంటలు పడడం, లోపల కంకర దొర్లుతున్నట్టు శబ్దం రావడం మన మెకానిక్కులకు పరిచితం. అది కావిటేషన్: పీడనం బాగా తగ్గిన చోట నీరు వేడి లేకుండానే మరిగి ఆవిరి బుడగలవడం. ఫాయిల్ రెక్క పైభాగాన జరిగేదీ అదే. అర మీటరు లోతున, 30 డిగ్రీల వేడి నీటిలో, 30 నాట్ల దగ్గర రెక్క పైన పీడనం గతి పీడనంలో (నీటి ప్రవాహ వేగం వల్ల కలిగే పీడనంలో) 85 శాతం మేర తగ్గితే గానీ నీరు మరగదు. 40 నాట్ల దగ్గర 48 శాతం చాలు. 50 నాట్ల దగ్గర 31 శాతమే చాలు, అంత తగ్గుదల మామూలు పలుచని రెక్క మీద కూడా తేలిగ్గా వస్తుంది. బుడగలు కమ్ముకోగానే లిఫ్ట్ పడిపోయి నిరోధం పెరుగుతుంది. మామూలు ఆకారపు రెక్కలకు 50 నాట్ల చుట్టుపక్కల గోడ ఉందని చెప్పుకునేది ఇందుకే.

గోడను దాటినవారు ఉన్నారు. ఫ్రాన్స్‌కు చెందిన ఇద్రోప్తేర్ అనే ఫాయిల్ నావ 2009లో 500 మీటర్ల సగటుగా 51.36 నాట్లు సాధించింది. 2012 నవంబరు 24న నమీబియాలోని వాల్విస్ బే వద్ద పాల్ లార్సెన్ నడిపిన వెస్టాస్ సెయిల్‌రాకెట్ 2 ఏకంగా 65.45 నాట్లు, అంటే గంటకు 121 కిలోమీటర్లు అందుకుంది. ఆ నావ ఫాయిల్ కావిటేషన్‌ను తప్పించుకోవడానికి చూడలేదు, బుడగను ఒప్పుకుని దానితోనే పనిచేసేలా వెనుక అంచును మొద్దుగా కత్తిరించి చేశారు. కైట్ విషయానికి వస్తే అలెగ్జాండర్ కైజర్గ్ 2017లో ఫ్రాన్స్‌లో 57.97 నాట్లు సాధించాడు. అయితే అది ఫాయిల్ మీద కాదు, అడుగున చేపరెక్కల్లాంటి చిన్న ఫిన్లున్న సన్నని బోర్డు మీద, ఒడ్డును ఆనుకుని అలలు లేని నీటిలో. ఫాయిల్ మీద పందేల్లో 35 నుంచి 40 నాట్ల మధ్య కనిపిస్తే అది చాలా గొప్ప వేగం.

ఒలింపిక్స్‌లో పతకం గరిష్ఠ వేగానికే ఇస్తారా?

కాదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఫార్ములా కైట్ పేరుతో ఈ క్రీడ తొలిసారి ప్రవేశించింది, పందేలు మార్సెయ్ సముద్రంలో జరిగాయి. పురుషుల్లో ఆస్ట్రియాకు చెందిన వాలెంటిన్ బోంటుస్, మహిళల్లో బ్రిటన్‌కు చెందిన ఎల్లీ ఆల్డ్రిడ్జ్ స్వర్ణం గెలిచారు. సింగపూర్ కుర్రవాడు మాక్స్ మేడర్ 17 ఏళ్ల వయసులో కాంస్యం తీసుకున్నాడు. అక్కడ లెక్కకు వచ్చేది ఎదురుగాలి వైపు గుర్తు దగ్గరకూ, మళ్లీ గాలివాలుకూ ఎవరు ముందు చేరారన్నది. అడ్డంగా 40 నాట్లు పోయి గుర్తుకు దూరమైతే ప్రయోజనం లేదు.

సూర్యలంకలో ఒక వేగం, నదినీటిలో ఒక వేగం వస్తుందా? మన ఎండల ప్రభావం ఉంటుందా?

నదినీటి సాంద్రత సముద్రపు నీటికన్నా రెండున్నర, మూడు శాతం తక్కువ. దాని ప్రభావం లిఫ్ట్ మీదా నిరోధం మీదా ఒకేలా పడుతుంది కనుక నడిపేవారికి దాదాపు తెలియదు. వేడి ప్రభావం మాత్రం తెలుస్తుంది. 15 డిగ్రీల వద్ద ఘనపు మీటరుకు 1.225 కిలోలుండే గాలి, విజయవాడ మే నెల 42 డిగ్రీల ఎండలో 1.12 కిలోలకు దిగుతుంది. దాదాపు ఎనిమిదిన్నర శాతం తక్కువ సాంద్రత, అంతే తక్కువ లాగుడు. ఐరోపా పట్టికలు చూసి కైట్ సైజు ఎంచుకున్నవారికి ఇక్కడ చప్పగా ఉంటుంది. వెచ్చని నీరు తక్కువ జిగట కావడం వల్ల ఘర్షణ కాస్త తగ్గడం ఒక ఓదార్పు.

అన్నిటికన్నా పెద్ద తేడా నీటి ఉపరితలానిది. అల కింద నీరు నిలకడగా ఉండదు, గుండ్రంగా కదులుతుంది. ఆ కదలిక రెక్క నీటిని ఎదుర్కొనే కోణాన్ని క్షణక్షణం మారుస్తుంది. సూర్యలంకలో మధ్యాహ్నం సముద్రపు గాలి ఊపందుకునేసరికి చిన్న అలలు ముక్కలుముక్కలుగా లేస్తాయి. సామాను 35 నాట్లకు సిద్ధంగా ఉన్నా, అటువంటి నీటిలో 27 దగ్గరే నా మోకాళ్లు రాజీనామా ఇస్తాయి.

రెక్క నునుపుకు నిజంగా అంత విలువ ఉందా?

ఒక సంగతి చెబుతాను. రెండేళ్ల కిందట ఒకరి దగ్గర వాడిన ఫాయిల్ కొన్నాను. కొత్తదానిలా ఉందన్నారు, చూడ్డానికీ అలాగే ఉంది. సూర్యలంకలో మొదటిసారి వేగం అందుకోగానే కాళ్ల కిందనుంచి సన్నని ఈల మొదలైంది. 18 నాట్లు దాటాక అది తంబూరా మోగినట్టు బోర్డంతా పాకి అరికాళ్లను గిలిగింతలు పెట్టింది. ఎంత లాగినా 24 దగ్గర ఆగిపోయాను. ఇంటికి వచ్చి దీపం వెలుగులో వెనుక అంచు మీద గోరు నడిపిస్తే, ఎవరో పడేసినప్పుడు ఊడిన చోట పూత పూసి మొద్దుగా వదిలేసినట్టు తెలిసింది. ఆ మొద్దు అంచునుంచి నీటి సుడులు ఒక పక్కనుంచి, మరో పక్కనుంచి వంతులవారీగా ఊడిపడుతూ రెక్కను వీణతీగలా కంపింపజేస్తున్నాయి.

ఆటోనగర్‌లో కార్లకు రంగులు వేసే ఒక షెడ్డు మేస్త్రీ దగ్గరకు రెక్క పట్టుకెళ్లాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, ఏ బండిదని అడగలేదు, ఎక్కడ గరుకుగా ఉందని అడిగాడు. చిన్న చెక్కకు వాటర్ పేపర్ చుట్టి, నీళ్లు చిలకరిస్తూ, 400 నంబరుతో అంచును ఒక వైపునుంచే వాలుగా తీసి, 800తో, ఆ తరువాత 1000తో నునుపు చేయడం చూపించాడు. అడ్డదిడ్డంగా రుద్దకుండా నీరు పారే దిశలోనే రుద్దమన్నాడు, ఫాయిల్ సంగతి తెలియకుండానే. ఆ తరువాతి ఆదివారం ఈల పోయింది, ఇంచుమించు అదే గాలిలో 27 దాటాను. ముందు అంచు దగ్గర మాత్రం ఇలా సొంతంగా చేయి చేసుకోకండి. అక్కడ ఆకారం చెడితే నునుపు దాన్ని బాగుచేయదు.

నా ఫోన్ 41 నాట్లు చూపించింది. నమ్మవచ్చా?

ఒక్క క్షణపు అంకె నమ్మకండి. చేయి విసిరినా, ఫోన్ నీటిలో మునిగి తేలినా జీపీఎస్ స్థానం ఎగిరి దూకుతుంది, ఆ దూకుడును యాప్ వేగంగా చూపిస్తుంది. 10 సెకన్ల సగటు చూడండి. 35 నాట్ల వద్ద 10 సెకన్లంటే 180 మీటర్లు, అంత దూరం అబద్ధం నిలబడదు. ప్రపంచ రికార్డులకు 500 మీటర్ల సగటు తీసుకునేదీ ఇందుకే. ఆ దూరానికి 35 నాట్ల వద్ద దాదాపు 28 సెకన్లు పడుతుంది. 1,223 మీటర్ల ప్రకాశం బ్యారేజీ పొడవంత దూరాన్ని అదే వేగంతో 68 సెకన్లలో దాటవచ్చు. పోలిక కోసమే చెప్పాను, బ్యారేజీ దగ్గర ఎవరూ కైట్ విప్పకూడదు.

కృష్ణలో, భవానీ ద్వీపం దగ్గర ప్రయత్నించవచ్చా?

నేను చేయను. వంతెనలు, కరెంటు తీగలు, పర్యాటకుల పడవలు, చేపల వలలు ఉన్నచోట కైట్ లైన్లకు స్థలం లేదు. అనుమతి లేకుండా నదిలో దిగడం వేరే తప్పు. కొండల మీదుగా, భవనాల మీదుగా వచ్చే గాలి ముద్దలు ముద్దలుగా తగులుతుంది, వేగానికి కావలసింది సాఫీగా వీచే గాలి. పైగా గుర్రపుడెక్క. ఒకసారి కాలువ ఒడ్డున సరదాగా మాస్ట్‌ను ఆ తీగల్లో లాగి చూశాను, కాడలు అల్లుకుని రెండు చేతులతో పీకవలసి వచ్చింది. నేర్చుకోదలచినవారు రామేశ్వరం, తూత్తుకుడి వైపు వెళ్లి శిక్షకుల దగ్గర మొదలుపెట్టడం మంచిది. హెల్మెట్, దెబ్బ తగలకుండా ఆపే జాకెట్ తప్పనిసరి. 25 నాట్ల వద్ద పడినప్పుడు కింద ఉన్న కార్బన్ రెక్క కత్తిపీట కన్నా తక్కువదేమీ కాదు. నీటిలో దిగేముందు కైట్‌ను వదిలేసే క్విక్ రిలీజ్‌ను కళ్లు మూసుకుని ఒక్క చేత్తో లాగడం ఒడ్డునే సాధన చేయండి, కుడిచేత్తో పది సార్లు, ఎడమచేత్తో పది సార్లు.